మామిడాకు తెగులు: ముందు వేలితో రుద్దండి, మందు సంగతి తర్వాత

ఆకు మీద మచ్చ కనపడగానే ఫొటో తీసి మందుల షాపుకు పంపడం, వాళ్లిచ్చిన డబ్బా తెచ్చి కొట్టేయడం మనకు అలవాటైపోయింది. ఫొటోలో రంగు కనిపిస్తుంది గానీ, ఆ రంగు ఆకు పైన పేరుకుందో ఆకులోనే పుట్టిందో కనిపించదు. తెగులును పోల్చుకోవడంలో సగం పని అదే. చెట్టు దగ్గరికెళ్లి బొటనవేలితో రుద్దండి. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం జేబులో ఉంటే మరీ మంచిది.

నల్లటి మసి, రుద్దితే పొరలా లేస్తోంది

కింద ఆకు పచ్చగానే ఉంటుంది. ఇది మసి మంగు. కాప్నోడియం అనే శిలీంధ్రం. ఆకును తినదు, తేనెమంచు పురుగు, పిండినల్లి వదిలే తీపి జిగురు మీద బతుకుతుంది. ఆకుకు వెలుతురు అందనివ్వదు, అదే దాని నష్టం. కాబట్టి శిలీంధ్రం మందు కొట్టడం దండగ, పురుగు సంగతి చూడాలి. పట్టిన మసి వదలడానికి గంజి చాలు. కిలో మైదాను 5 లీటర్ల నీళ్లలో ఉడికించి, చల్లారాక మొత్తం 20 లీటర్లయ్యేలా నీళ్లు కలిపి పిచికారీ చేయండి. గంజి ఎండి పెచ్చులుగా రాలుతూ మసిని కూడా ఊడ్చుకుపోతుంది. మబ్బు పట్టిన రోజు మాత్రం వద్దు.

తెల్లటి పొడి, వేలికి అంటుతోంది

బూడిద తెగులు. రాత్రి చలి, తెల్లవారుజామున మంచు, పగలు వెచ్చదనం ఉండే డిసెంబరు-ఫిబ్రవరి రోజుల్లో లేత చిగుళ్ల మీద, పూత మీద కనిపిస్తుంది. లీటరు నీటికి నీటిలో కరిగే గంధకం 3 గ్రాములు, లేదా 5 శాతం హెక్సాకొనజోల్ 2 మి.లీ. గంధకాన్ని ఎండ మండే వేళ కొడితే ఆకు మాడుతుంది.

దీని పేరు దగ్గర చిన్న చిక్కుంది. పాత పుస్తకాల్లో ఓయిడియం మాంజిఫెరే అని, కొత్త వాటిలో ఎరిసైఫి క్వెర్సికోలా అని కనిపిస్తుంది. రెండు తెగుళ్లేమో అనుకోకండి. శిలీంధ్రం జత కలవకుండా గింజలు (కొత్త శిలీంధ్రంగా మొలిచే సూక్ష్మ రేణువులు, స్పోర్లు) విడిచే దశకు ఒక పేరు, జత కలిసే దశకు ఇంకో పేరు పెట్టడం ఒకప్పటి పద్ధతి. 2011లో మెల్‌బోర్న్‌లో జరిగిన వృక్షశాస్త్ర మహాసభ దాన్ని ఎత్తేసింది. 2013 జనవరి 1 నుంచి ఒక శిలీంధ్రానికి ఒకే పేరు.

రుద్దినా పోని మచ్చ

అసలు తికమక ఇక్కడే. ముందు శిలీంధ్రం కానివాటిని పక్కకు తీసేయండి. మచ్చ నల్లగా ఉబ్బి, ఈనెల మధ్య గళ్లుగా కోణాలు తేలి ఆగిపోతే అది బ్యాక్టీరియా. గుండ్రంగా, ఇటుక రంగు ముఖమల్‌లా లేచి ఉంటే నాచు. పేరు సెఫల్యూరోస్. అందరూ ఎర్ర తుప్పు అంటారు గానీ తుప్పు తెగుళ్ల శిలీంధ్రాలకూ దానికీ చుట్టరికమే లేదు. అసలు తుప్పు చూడాలంటే టేకు ఆకు అడుగున నారింజ రంగు పొడిని చూడండి. ముదురాకుల కొనలు, అంచులు మాత్రమే వరసగా మాడితే నీళ్లలో ఉప్పుందేమో పరీక్ష చేయించండి.

ఇవేవీ కాక, లేతాకు మీద అడ్డదిడ్డమైన గోధుమ-నలుపు మచ్చలు వచ్చి, కలిసిపోయి, ఎండిన ముక్క రాలి చిల్లులు పడుతుంటే ఆంత్రాక్నోస్ అని అనుమానించాలి. రూఢి చేసుకోవడానికి స్టీలు డబ్బా చాలు. ఆకును కడిగి, తడిపిన టిష్యూ కాగితం మీద పెట్టి మూతేయండి. రెండు మూడు రోజుల్లో మచ్చ మీద నారింజ-గులాబీ రంగు జిగురు చుక్కలు లేస్తే అది కొలెటోట్రైకం, ఆంత్రాక్నోస్ తెచ్చే శిలీంధ్రం. నాలుగో రోజు తర్వాత లేచే పచ్చ బూజు, నల్ల బూజు లెక్కలోకి రావు; చచ్చిన ఆకు మీద ఎవరైనా కాపురం పెడతారు.

దగ్గర్లో కాలేజీ మైక్రోస్కోపు ఉంటే సెల్లోటేపును ఆ చుక్క మీద అద్ది, గాజు పలక మీద నీటి బొట్టులో అతికించి 400 రెట్లలో చూడండి. రంగులేని, ఒకే గది (కణం) ఉన్న, చివరలు గుండ్రంగా ఉన్న చిన్న చిన్న కడ్డీలు కనిపిస్తాయి. అవే దాని గింజలు. గింజల ఆకారం, రంగు, గదుల లెక్క, అవి బయట శిలీంధ్రపు తీగ కొన మీద పుడుతున్నాయా, ఆకు పొరలో గిన్నెలాంటి దాంట్లో పుడుతున్నాయా అన్నదే చాలాకాలం శిలీంధ్రాల వర్గీకరణకు ఆధారం. ప్రజాతి వరకు, అంటే కొలెటోట్రైకం అని చెప్పడం వరకు, ఈ చూపు సరిపోతుంది. దానిలో ఏ జాతో చెప్పడం కష్టం. ఒక్క కొలెటోట్రైకం గ్లియోస్పోరియాయిడిస్ అనుకున్నది నిజానికి 22 జాతుల గుంపని 2012లో డీఎన్‌ఏ పరీక్షల ఆధారంగా తేల్చారు. కంటితో విడదీయడం అయ్యే పని కాదు. రైతుకు ఆ అవసరం కూడా లేదు, మందు ఒకటే: ఎండుపుల్లలు కత్తిరించి కాల్చేశాక లీటరుకు కాపర్ ఆక్సీక్లోరైడ్ 3 గ్రాములు. పూత మీదైతే కార్బెండజిమ్ 1 గ్రాము.

మామిడి కాదు, వేప కొమ్మలు కొనల నుంచి ఎండుతున్నాయి

2021లో తెలంగాణ ఊళ్లలో జనం బెంబేలెత్తింది దీనికే. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు టీ దోమ అనే రసం పీల్చే పురుగు. చెట్టు పోయిందని గొడ్డలి తీయకండి, చాలా వేపలు మళ్లీ చిగుర్లు వేశాయి. కానుగాకుల మీద బొడిపెలు చూసి బూజనుకునే వాళ్లూ ఉన్నారు. అది నల్లి పని.

ఇంకా తేలకపోతే

నూజివీడు మామిడి పరిశోధన స్థానానికో, సంగారెడ్డి పండ్ల పరిశోధన స్థానానికో, దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రానికో ఆకులు తీసుకెళ్లండి. పూర్తిగా ఎండినవి వద్దు. మచ్చా పచ్చా రెండూ ఉన్న ఆకులు కావాలి, శిలీంధ్రం బతికుండేది ఆ అంచులోనే. పాలిథిన్ కవర్లో పెడితే దారిలోనే కుళ్లుతాయి. పాత న్యూస్‌పేపర్లో మడవండి, ఏ మందు ఎప్పుడు కొట్టారో దాని మీదే రాయండి.