బాల్కనీలో పాడైన చెక్క డెక్‌ను బాగుచేయడం ఎలా?

డెక్ మీద ఒక పలక కుళ్లిందంటే తప్పు చాలాసార్లు ఆ పలకది కాదు. దాని కింద నీళ్లు నిలిచి ఉంటాయి, లేదా గాలి ఆడక ఉంటుంది. ఆ సంగతి చూడకుండా కొత్త పలక బిగిస్తే రెండు వానాకాలాలు తిరిగేసరికి అదీ మెత్తబడుతుంది. రాజమహేంద్రవరమైనా, భీమవరమైనా, అమలాపురమైనా గాలిలో తేమ ఏడాదిలో సగం రోజులు తగ్గదు. నైరుతి వానలు వెళ్లీ వెళ్లకముందే ఈశాన్య వానలు, తుపాన్లు వస్తాయి. అందుకే ఈ పని సంక్రాంతి దాటాక మొదలుపెట్టి ఎండలు ముదిరేలోపు ముగించడం మంచిది. ఆగస్టులో డెక్ విప్పితే కింది గచ్చు ఆరదు, కలపా ఆరదు.

ముందు ఏం చెడిందో తేల్చుకోండి

పలక బూడిద రంగులోకి మారితే అది ఎండ పని. ఉప్పుకాగితంతో రుద్ది నూనె పట్టిస్తే సరిపోతుంది. అసలు పరీక్ష స్క్రూడ్రైవర్‌తో. సన్నటి మొన ఉన్నది తీసుకుని స్క్రూల చుట్టూ, పలకల కొసల్లో, పూలకుండీలు పెట్టే చోట, ఏసీ నీళ్లు కారే చోట గట్టిగా పొడవండి. మొన పావు అంగుళం కంటే లోతుకు దిగితే ఆ భాగం పోయినట్టే. దిగకపోయినా సుత్తి పిడితో తట్టినప్పుడు డొల్ల శబ్దం వస్తే చెద అనుమానించాలి. మూడో అంతస్తు కదా, చెద ఎక్కడ వస్తుందనుకోకండి. గోడ పగుళ్ల వెంట, పైపుల వెంట మట్టి గూళ్లు కట్టుకుంటూ పైదాకా వస్తుంది. మట్టి దారి కనిపిస్తే అది ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టుకుని మందు కొట్టించాకే చెక్క పని మొదలుపెట్టాలి.

తరువాత ఒక పలక విప్పి కింది రీపర్లను (పలకలను మోసే సన్న చెక్కలను) అదే విధంగా పొడిచి చూడండి. రీపర్లు గట్టిగా ఉండి ఒకటి రెండు పలకలే పోతే వాటిని మార్చండి. ఒక రీపరు ఒకచోటే మెత్తబడితే ఆ ముక్క కోసేసి పక్కన జోడు రీపరు బిగించవచ్చు. మూడో వంతు రీపర్లు పోయాయంటే మాత్రం అంతా ఎత్తేయాల్సిందే. అతుకులు వేస్తూ పోతే ఖర్చు తగ్గదు, వాయిదా పడుతుందంతే.

చెక్కకు సంబంధం లేని మరో పరీక్ష ఉంది, దాన్ని మానకండి. కింది ఫ్లాటువాళ్ల అనుమతితో మీ బాల్కనీ స్లాబును అడుగు నుంచి చూడండి. తుప్పు రంగు చారలు, ఊడిపోతున్న ప్లాస్టరు, బయటపడ్డ ఇనుప చువ్వలు కనిపిస్తే డెక్ పని ఆపి అసోసియేషన్‌కు చెప్పి ఇంజినీరుకు చూపించండి. అంతర్వేది, నరసాపురం, కాకినాడ వంటి సముద్రగాలి తగిలే చోట్ల కాంక్రీటులోని ఇనుముకు ఉప్పు వల్ల తుప్పు త్వరగా పడుతుంది.

విప్పడం

స్క్రూ తలల్లో మట్టి పేరుకుని ఉంటుంది, ముందు మేకుతో గీరి తీయండి. తుప్పు వదిలించే నూనె చల్లి పావుగంట ఆగి, చేత్తో తిప్పే స్క్రూడ్రైవర్‌తో కదపండి. మిషన్‌తో మొదలుపెడితే తల అరిగిపోతుంది. తల తెగిపోతే పలకను పైకి లేపి, మిగిలిన కాడను పట్టకారుతో పట్టి తిప్పేయండి. గ్రైండరు వాడాల్సి వస్తే గాజు తలుపుల మీద దుప్పటి కప్పండి, ఆ నిప్పురవ్వలు గాజు మీద చుక్కలు చుక్కలుగా అంటుకుంటే మళ్లీ పోవు. మంచి పలకల అడుగున చాక్‌పీసుతో వరుస సంఖ్య రాసుకోండి. పైన అరిగి అడుగున బాగున్న పలకను చిత్రిక పట్టి తిరగేసి వాడుకోవచ్చు.

గచ్చు సంగతి

చెత్తంతా ఊడ్చి, నీళ్లు పోయే జాలీ తీసి గొట్టంలోకి చేయి పెట్టి శుభ్రం చేయండి. ఒక బకెట్టు నీళ్లు పోసి పది నిమిషాలు చూడండి. వాలు మీటరుకు సెంటీమీటరు ఉంటే నీళ్లు వాటంతటవే గొట్టం దారి పడతాయి. మడుగు మిగిలిన చోట పాలిమర్ కలిపిన సిమెంటు మోర్టారుతో వాలు సరిచేయాలి. అది ఆరాక రెండు భాగాలు కలిపి వాడే వాటర్‌ప్రూఫింగ్ పూత రెండు కోట్లు, గోడల మీదకు అరడుగు ఎత్తు వరకు వేయండి. డబ్బా మీద రాసినన్ని రోజులు ఆరనిచ్చి, గొట్టం మూసి అంగుళం నీళ్లు ఒక రోజంతా నిలబెట్టండి. కింది ఇంటివాళ్లకు ముందే చెప్పి పెట్టండి. వాళ్ల కప్పు తడవకపోతే పూత నిలిచినట్టు.

ఇక ఈ గచ్చులోకి ఒక్క స్క్రూ కూడా దిగకూడదు. రీపర్లు కదలకుండా గచ్చుకే బిగిద్దామని వడ్రంగి అంటాడు, ఒప్పుకోవద్దు. వేసిన పూతకు మీరే తూట్లు పొడిచినట్టవుతుంది.

కలప, లెక్క

టేకు చేవ, అంటే చెట్టు నడిమి గట్టి కలప, అయితే మేలు. నల్లమద్ది, ఏగిస చేవ కూడా బయట నిలుస్తాయి కానీ నల్లమద్ది బాగా ఎండకపోతే పగులుతుంది. చేవ చుట్టూ ఉండే తెల్లటి భాగం ఏ చెట్టుదైనా చెదకూ కుళ్లుకూ లొంగుతుంది. అడితిలో పలక కొసలు చూసి ఏరుకోండి. టేకుకైతే బిల్లు తప్పక తీసుకోండి. తెచ్చిన కలపను నీడలో, మధ్య మధ్య సన్న పుల్లలు పెట్టి పేర్చి రెండు మూడు వారాలు మీ ఇంటి గాలికి అలవాటు పడనివ్వండి.

10 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు బాల్కనీకి కావలసినవి:

- పలకలు 12: పొడవు 10 అడుగులు, చిత్రిక పట్టాక 95 మి.మీ. వెడల్పు, 22 మి.మీ. మందం
- రీపర్లు 9: దాదాపు 4 అడుగుల పొడవు, 50 × 40 మి.మీ.
- గట్టి రబ్బరు ముక్కలు 36, రీపరు కింద నాలుగు చొప్పున
- 50 మి.మీ. స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు 250 (216 పడతాయి, కొన్ని విరుగుతాయి)

తరుగుతో కలిపి కలప 5 ఘనపుటడుగులు చెప్పండి. స్క్రూలు ఊళ్లలో 304 రకం చాలు, సముద్రం దగ్గరైతే 316 అడగండి. పూత పూసిన ఇనుప స్క్రూలు చవకే, కానీ కలపలోని వగరు ఇనుముకు తగిలి ప్రతి స్క్రూ చుట్టూ నల్ల మచ్చ కడుతుంది.

బిగించడం

ప్రతి చెక్కకూ ఆరు వైపులా డెకింగ్ నూనె పట్టించాకే బిగించాలి. కొసలకు రెండుసార్లు, ఎందుకంటే చెక్క నీళ్లు తాగేది కొసల నుంచే. వార్నిష్ వద్దు. దాని కిందకు తేమ చేరి పొరలు పొరలుగా లేచిపోతుంది. ఉత్త అవిసె నూనె మన తేమకు బూజు పడుతుంది. నూనె తుడిచిన గుడ్డలను మాత్రం ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి నిప్పంటుకోవచ్చు. నీళ్లలో తడిపి ఆరుబయట పరచండి.

రీపర్లను నీళ్లు పారే దిక్కుకే పరచండి, అడ్డంగా పరిస్తే ఒక్కోటి ఒక్కో గట్టవుతుంది. ఇక్కడి లెక్కలో వాలు రెయిలింగ్ వైపుకని అనుకున్నాం. రీపర్ల మధ్య 15 అంగుళాలు మించకూడదు, కొసలు గోడకు అంగుళం ఎడంగా ఉండాలి. మట్టం సరిచేయడానికి పల్లం వైపు మందం రబ్బరు వాడండి. చెక్క చీలికలు పెడితే ముందు కుళ్లేవి అవే.

పలకల మధ్య 5 మి.మీ. సందు. మే నెలలో బాగా ఎండిన కలపైతే 6 పెట్టండి, వానల్లో ఉబ్బుతుంది. రెండు అంచుల్లో మిగిలిన ఖాళీని చెరిసగం చేయండి. సందు సమంగా రావడానికి అదే మందం ప్లాస్టిక్ ముక్కలు మధ్యలో పెట్టి బిగించి, తరువాత తీసేయండి. ప్రతి స్క్రూకూ 3 మి.మీ. రంధ్రం ముందే వేసి, తల దిగేంత గుంట చేయండి. గట్టి కలపలో రంధ్రం లేకుండా తిప్పితే స్టెయిన్‌లెస్ స్క్రూ పుటుక్కున తెగుతుంది, లేదా పలక చీలుతుంది. అంచు నుంచి 20 మి.మీ. లోపలికి, రీపరుకు రెండు చొప్పున వేయండి. గొట్టం ఉన్న మూలలో అడుగు చదరం ముక్కను విడిగా, ఎత్తి తీసేలా చేయించుకోండి. ఆ ముక్క లేకపోతే కొన్నాళ్లకు ఆకులు తీయడానికి డెక్ మొత్తం విప్పాల్సి వస్తుంది.

ఇలా చేసిన డెక్ 3 అంగుళాల ఎత్తు వస్తుంది. తలుపు గడప కంటే కనీసం అంగుళం కిందే ఉండాలి, లేదంటే జడివాన ఇంట్లోకి వస్తుంది. రెయిలింగ్ ఎత్తును డెక్ పైనుంచి కొలిచి చూడండి, మూడున్నర అడుగులకు తగ్గితే పైన మరో కడ్డీ వేయించాలి. పిల్లలున్న ఇంట్లో ఇది మొదటి కొలత కావాలి.

పడమటి ఎండ నేరుగా పడే బాల్కనీకి చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే డబ్ల్యూపీసీ పలకలు కొనేవాళ్లు ఎక్కువయ్యారు. కుళ్లు తక్కువే కానీ మధ్యాహ్నం కాలు పెట్టలేనంత కాలుతాయి, వేడికి పొడవు సాగుతాయి కాబట్టి కొసల్లో సందు వదలాలి, రీపర్లు 12 అంగుళాలకొకటి పడాలి. అద్దె ఇల్లయితే ఇదంతా అక్కర్లేదు, ఒకదానికొకటి తగిలించే అడుగు చదరం చెక్క టైళ్లు పరిచి, వెళ్లేటప్పుడు తీసుకుపోవచ్చు.

తులసి కోటనూ కుండీలనూ కాళ్లున్న స్టాండు మీద పెట్టండి. ఏసీ నీటికి గొట్టం తగిలించి నేరుగా జాలీలోకి దించండి. ఏటా మే నెలలో సబ్బు నీళ్లతో, మెత్తటి బ్రష్షుతో కడిగి, రెండు రోజులు ఆరాక ఒక చేయి నూనె పట్టించండి. ప్రెషర్ వాషర్ వాడితే చెక్క నారలు లేచి కాలికి గుచ్చుకుంటాయి.