ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా: ఇంట్లో ఎలా పసిగట్టాలి, ఏ రకమో ఎలా తెలుసుకోవాలి?

డిమెన్షియా అంటే మతిమరుపే అనుకుంటాం. ఈ జబ్బులో మాత్రం మొదట్లో జ్ఞాపకం చాలావరకు బాగానే ఉంటుంది. నుదుటి వెనక, చెవుల పక్కన ఉండే మెదడు భాగాలు కుంచించుకుపోతాయి కాబట్టి ముందు మారేది నడవడిక, లేదా మాట. ఎక్కువగా 45–65 ఏళ్ల మధ్య మొదలవుతుంది. ఆ వయసులో డిమెన్షియా ఎవరికీ తట్టదు, "పొగరెక్కింది" అంటారు.

ముందు నడవడిక గమనించండి. కావలి దగ్గర రొయ్యల గుంటలు చేసే మనిషే అనుకోండి. మేత ఖర్చు రూపాయితో సహా రాసుకున్నాయన ఇప్పుడు అడిగినవాళ్లకల్లా డబ్బిచ్చేస్తాడు. చావింట్లో నవ్వుతాడు. భార్య జ్వరంతో పడుకున్నా పలకరించడు. స్వీట్లు కనబడితే ఆగడు. నిలదీస్తే "నాకేమైంది?" అంటాడు. అది మొండితనం కాదు, తేడా నిజంగానే ఆయనకు తెలియదు. దీన్ని నడవడిక రకం అంటారు.

తర్వాత మాట వినండి. ఇందులో రెండు రకాలు. ఒకదాంట్లో మాట గడగడా వస్తుంది కానీ అర్థాలు జారిపోతాయి. ఏళ్ల తరబడి చేపల పులుసు పెట్టిన అమ్మ, "మామిడికాయ ముక్కలు వేశావా?" అంటే "మామిడికాయ అంటే ఏంది?" అని అడుగుతుంది. రెండోదాంట్లో అర్థం తెలుసు, మాటే పెగలదు: "నేను... బజారు... పో..."

కొందరికి కండరాలు సన్నబడటం, మింగలేకపోవడం, పదేపదే వెనక్కి పడిపోవడం తోడవుతాయి. ఇవి కనిపిస్తే ఆలస్యం చేయొద్దు.

ఏది ఎప్పుడు మొదలైందో నోట్‌బుక్‌లో రాయండి, ఫోన్‌లో చిన్న వీడియోలు తీయండి. డాక్టర్ ముందు పది నిమిషాలు వాళ్లు మామూలుగానే ఉండొచ్చు. నెల్లూరులోనో ఒంగోలులోనో న్యూరాలజిస్టుకు చూపించి, ఎమ్మారై గురించి అడగండి. రక్తసంబంధీకుల్లో ఇలాంటివాళ్లుంటే తప్పక చెప్పండి, కొన్ని కుటుంబాల్లో ఇది వంశపారంపర్యం.

జబ్బును ఆపే మందు ఇంకా లేదు. మతిమరుపుతో మొదలయ్యే డిమెన్షియా అయిన అల్జీమర్స్‌కు వాడే మాత్రలు దీనికి పనిచేయవు, కొందరికి చిరాకు పెంచుతాయి. డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులు ప్రవర్తనను కాస్త నెమ్మదిస్తాయి. వాదించి మార్చలేరు. చెక్‌బుక్, ఏటీఎం కార్డు, పొలం కాగితాలు, బండి తాళాలు ముందే భద్రం చేయండి.

చూసుకునేవాళ్లకూ టెన్షన్ తక్కువేం కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులు అక్కర్లేదు.