రింక్‌కి సంతకం పెట్టే ముందు: నీళ్లు ఎటు పోతాయి?

మొన్న ఆదివారం మా పక్క కాలనీ పార్కులో స్కేటింగ్ చేస్తూ పడి తొమ్మిదేళ్ల బాబుకి మణికట్టు విరిగింది. హెల్మెట్ ఉంది, మోకాలి ప్యాడ్లు ఉన్నాయి, కోచ్ పక్కనే ఉన్నాడు. రింక్ కట్టి ఏడాది కూడా కాలేదు. వాన వెలిసి రెండు రోజులైనా ఒక మూల చాపంత మేర నీళ్లు నిలిచే ఉన్నాయి. ఆ నీళ్ల అంచున పట్టిన పాచి మీదికి చక్రం ఎక్కింది. అంతే.

వచ్చే వారం మా పార్కులోనూ స్కేటింగ్ రింక్ ఎలా ఉండాలో కాలనీవాళ్లను అడిగే మీటింగ్ ఉంది. మీ దగ్గర కూడా ఉంటే వెళ్లే ముందు ఇది చదవండి. హెల్మెట్ పెట్టుకోవాలి, చిన్నపిల్లల్ని ఒంటరిగా పంపొద్దు లాంటివి మీకు తెలుసు, వాటిని వదిలేస్తున్నాను.

ఫ్లోరింగ్ పనులు చేయించడమే నా వృత్తి. మా అమ్మాయి ఆరేళ్లుగా స్కేటింగ్ చేస్తోంది. ఇలాంటి మీటింగులు మూడు చూశాను, మూడింటిలోనూ ఒకటే తప్పు జరిగింది. రంగు ఏది, కూర్చోవడానికి మెట్లు ఎన్ని, శిలాఫలకం ఎక్కడ అని రెండు గంటలు మాట్లాడారు. నీళ్ల సంగతి ఎవరో ఎత్తితే "అది కాంట్రాక్టర్ చూసుకుంటాడులే" అన్నారు. ఆయన చూసుకోలేదు. మూడు రింకుల్లోనూ నీళ్లు నిలిచాయి.

కాంక్రీట్ ఒకసారి గట్టిపడ్డాక వాలు మార్చలేం. గుంట ఉన్నచోట పైన పల్చగా సిమెంట్ పూస్తారు. రెండు ఎండలకి అది పెచ్చులూడుతుంది, ఆ పెచ్చు అంచుకే చక్రం తగులుతుంది. ఇక పగలగొట్టడం తప్ప దారి లేదు. అందుకే డ్రాయింగ్ కాగితం మీద ఉన్నప్పుడే అడగాలి: నీళ్లు ఎటు పోతాయి?

లెక్క చూడండి. 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉన్న రింక్ అంటే 800 చదరపు మీటర్లు. దాని మీద ఒక్క సెంటీమీటర్ వాన పడితే 8,000 లీటర్లు. మన హైదరాబాద్‌లో గంటలో ఐదు సెంటీమీటర్లు కురవడం కొత్తేమీ కాదు. అంటే 40,000 లీటర్లు, 5,000 లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది తెచ్చి ఒకే గంటలో ఆ నేల మీద గుమ్మరించినట్టు. 2020 అక్టోబర్ 13న కురిసిన వాన ఎవరం మర్చిపోలేదు కదా. ఇంత నీటికి మూలన ఒక చిన్న పైపు పెడితే సరిపోతుందా?

మీటరుకి ఒక సెంటీమీటర్ వాలు ఇస్తే నీరు కదులుతుంది, పిల్లలకు ఆ వాలు పెద్దగా తెలియదు. వాలు ఒకే వైపుకి ఉండాలి. కాలువ రింక్ బయట ఉండాలి. జాలీ మూత రింక్ లోపల ఎక్కడా వద్దు, చక్రం దాంట్లో ఇరుక్కుంటుంది. రింక్ నేల పక్కనున్న గడ్డి కన్నా కనీసం జానెడు ఎత్తులో ఉండాలి. లేకపోతే గడ్డికి పెట్టే నీళ్లు, మట్టి అన్నీ రింక్‌లోకే దిగుతాయి, ఎండాకాలంలో కూడా పాచి పడుతుంది.

నేల గురించి రెండు మాటలు. పేవర్ బ్లాకులు, టైల్స్ వద్దే వద్దు. స్కేట్‌బోర్డ్ చక్రం ఐదారు సెంటీమీటర్లే, టైల్స్ మధ్య సందు దానికి గుంతతో సమానం. రోడ్డుకి గీసినట్టు చీపురు గీతలు కూడా వద్దు, పడితే చర్మం లేచిపోతుంది. మెషీన్‌తో నునుపు చేయించండి. జాయింట్లు సన్నగా కోయించి నింపించండి.

ఎవరి కోసం కడుతున్నారో తేల్చండి. 2010 గ్వాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో రెండు కాంస్యాలు తెచ్చిన అనూప్ కుమార్ యామా మన హైదరాబాద్ వాడే. ఆయనది ఆర్టిస్టిక్ స్కేటింగ్, అంటే చక్రాల మీద గిరగిరా తిరిగే విన్యాసాలు, దానికి నున్నటి చదును నేల కావాలి. స్పీడ్ స్కేటింగ్‌కి వంపుల ట్రాక్ కావాలి. స్కేట్‌బోర్డ్ పిల్లలకు ర్యాంపులు కావాలి. ఉన్న కాస్త జాగాలో మూడూ కలిపేస్తే పిల్లలు ఒకరినొకరు గుద్దుకుంటారు. మీటింగ్‌కి ముందు ఒక ఉదయం ఇందిరా పార్క్ రింక్‌కి వెళ్లండి, అక్కడ చక్రాల మీద ఉన్న పిల్లల్నే అడగండి. మీటింగ్‌కి కూడా పిల్లల్ని తీసుకెళ్లండి, వాళ్లని మాట్లాడనివ్వండి.

ఇక మిగతావి:

రింక్ గేటు వాకింగ్ ట్రాక్ మీదికి తెరుచుకోకూడదు. పొద్దున నడిచే పెద్దవాళ్లకు తుంటి ఎముక విరిగితే మళ్లీ లేవడం కష్టం.

కానుగ, వేప చెట్ల కింద రింక్ వద్దు. పూలు, పండ్లు రాలి నేల జారుతుంది. నీడ కావాల్సింది తల్లిదండ్రులు కూర్చునే చోట.

చెట్టు కొట్టి రింక్ కట్టొద్దు. జాగా మార్చండి.

లైటు స్తంభాలు కంచె బయట. ఎర్తింగ్ చూపించమనండి. కరెంటు డబ్బా నీళ్లు నిలిచే ఎత్తుకి పైన ఉండాలి.

తడిస్తే జారే మెరుపు రంగు వద్దు.

వినాయకుడి మండపానికి, బతుకమ్మకి వేరే చోటు ఇప్పుడే డ్రాయింగ్‌లో గీయించండి. చదునైన జాగా కనిపిస్తే గుంజలు అక్కడే పాతుతారు, అప్పుడు మీరు ఎవరినీ ఆపలేరు.

కాంక్రీట్ పోసిన పది రోజులకే ప్రారంభోత్సవం పెడతానంటే ఒప్పుకోకండి. 28 రోజులు ఆగండి. క్యూరింగ్, అంటే కాంక్రీట్‌ని రోజూ తడిపి ఉంచే పని, ఎవరు చేస్తారో పేరు రాయించండి.

పోసే రోజు కాలనీ నుంచి ఇద్దరు అక్కడ ఉండాలి. లెవెల్ పైపు (ఎత్తు తేడా చూసే నీళ్ల గొట్టం) పెట్టి నాలుగు మూలలా కొలిపించండి, రాసుకోండి, ఫోటో తీయండి.

నీళ్లు ఎటు పోతాయి? జవాబు డ్రాయింగ్‌లో బాణం గుర్తుతో ఉండాలి. నోటి మాట ఒప్పుకోకండి.

ఆ కాలువ చివర ఎక్కడ కలుస్తుందో నడిచి చూడండి. వీధి కాలువ పూడి ఉంటే నీళ్లు వెనక్కే వస్తాయి.

రంగు వేయకముందు ట్యాంకర్ తెప్పించి నేలంతా తడిపించండి. ఈ పరీక్ష ఉంటుందని ఒప్పందంలోనే రాయిస్తే మేస్త్రీ మొదటి నుంచే లెవెల్ జాగ్రత్తగా పెడతాడు. గంట తర్వాత నీళ్లు నిలిచిన ప్రతి చోటా చాక్‌పీస్‌తో గీత గీయండి. ఆ గీతల లోపల కాంక్రీట్ కోసి మళ్లీ పోసేదాకా బిల్లు మీద సంతకం పెట్టకండి.