పాత సిస్టమ్‌లో పెద్ద హార్డ్ డిస్క్ వేసి విండోస్ ఎక్కించే ముందు

పెళ్ళిళ్ళ సీజన్ దగ్గర పడిందంటే శ్రీకాకుళం, నరసన్నపేట, ఆమదాలవలస ఫోటో స్టూడియోల్లో ఒకటే గోల: డిస్క్ నిండిపోయింది, కొత్త సిస్టమ్ కొనే స్తోమత ఇప్పుడు లేదు, ఒక 4 టీబీ డిస్క్ తెచ్చి పాత దాంట్లోనే పెట్టేసి విండోస్ ఎక్కించేద్దాం అని. చెయ్యొచ్చు, కాదనను. అయితే ఇందులో ప్రమాదం ఏంటంటే మొదటిరోజు అంతా బ్రహ్మాండంగా పనిచేస్తుంది. డిస్క్ సగం నిండాక, అదీ మంచి ముహూర్తాల మధ్యలో, ఫోల్డర్లు మాయమవుతాయి. షాపు కుర్రాడు "ఏటీ అవదులే" అన్నాడని వదిలెయ్యకండి, డిస్క్ కొనక ముందే మీ మదర్‌బోర్డు ఎంతవరకు చూడగలదో తెలుసుకోండి.

సుమారు 2002 కంటే ముందు నాటి బోర్డులు డిస్క్ మీద గడుల్ని (సెక్టార్లని) 28 బిట్లతో లెక్కపెట్టేవి. గడికి 512 బైట్ల చొప్పున లెక్క వేస్తే 137 జీబీ దగ్గర ఆగిపోతుంది. సర్వీస్ ప్యాక్ (తర్వాత వచ్చిన సవరణల కట్ట) లేని మొదటి విండోస్ ఎక్స్‌పీ సీడీదీ ఇదే జబ్బు. డిస్క్‌ని వేరే సిస్టమ్‌లో మొత్తం ఒకే పార్టిషన్‌గా (ఒకే భాగంగా) చేసి తెచ్చి ఇలాంటి దానికి తగిలిస్తే, 137 దాటాక రాసేది మళ్ళీ డిస్క్ మొదట్లోకి వెళ్ళి పడొచ్చు. మొదట్లో ఉండేవి సిస్టమ్ లేవడానికి కావాల్సిన బూట్ సెక్టారు, ఫైళ్ళ పట్టికలు, అవి పోతే ఫోటోలు ఎక్కడున్నాయో చెప్పే దిక్కుండదు. అంత పాత సిస్టమ్ ఇంకా వాడుతుంటే నా మాట వినండి, దాన్ని బిల్లులు వేసుకోడానికి వదిలెయ్యండి.

మనవాళ్ళ దగ్గర ఎక్కువగా ఉన్నవి కోర్ 2 డ్యుయో, మొదటి తరం ఐ3 సిస్టమ్‌లు. వీటికి గోడ 2.2 టీబీ దగ్గర. డిస్క్‌ని భాగాలు చేసి రాసుకునే పాత ఎంబీఆర్ పద్ధతిలో అంతకు మించి లెక్క పట్టదు. 3 టీబీ డిస్క్ పెట్టి విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే, అది 1024 లెక్కన చూపిస్తుంది కాబట్టి, 2048 జీబీ ఒక ముక్కగా, 746 జీబీ దేనికీ పనికిరాని ఇంకో ముక్కగా కనిపిస్తుంది. పాత స్టోరేజ్ డ్రైవర్ (విండోస్‌ని డిస్క్‌తో కలిపే చిన్న ప్రోగ్రాం) ఉంటే ఇంకా ఘోరం, మొత్తం డిస్కే 746 జీబీ అంటుంది! డిస్క్ పాడైందనుకుని షాపుకి తీసుకుపోయి గొడవ పడకండి, డ్రైవర్ మార్చి చూడండి. ఎంబీఆర్ తర్వాత వచ్చిన జీపీటీ పద్ధతిలో చేస్తే మొత్తం వాడుకోవచ్చు గానీ, జీపీటీ డిస్క్ నుంచి విండోస్ బూట్ అవ్వాలంటే బోర్డుకి పాత బయోస్ (సిస్టమ్‌ని లేపే బోర్డులోని ప్రోగ్రాం) బదులు కొత్త రకం యూఈఎఫ్ఐ ఉండాలి, అది ఈ పాతవాటిలో దాదాపు ఉండదు. 32-బిట్ ఎక్స్‌పీకైతే జీపీటీ చదవడమే రాదు.

అందుకే సుఖమైన దారి ఒకటే. 240 జీబీ ఎస్ఎస్‌డీ ఒకటి కొని విండోస్ దాని మీద ఎంబీఆర్‌లో ఎక్కించండి, పెద్ద డిస్క్‌ని జీపీటీ చేసి డేటాకి మాత్రమే ఉంచండి. విండోస్ 7 అయినా 10 అయినా పాత బయోస్ మీద కూడా ఇలా హాయిగా నడుస్తుంది. లైనక్స్ అయితే పాత బయోస్‌లో జీపీటీ నుంచి కూడా బూట్ అవుతుంది, 1 ఎంబీ బయోస్ బూట్ పార్టిషన్ విడిగా ఇవ్వాలి, బూట్ ఫైళ్ళ పార్టిషన్ డిస్క్ మొదట్లోనే పెట్టాలి.

ఎక్స్‌టర్నల్ డిస్క్ డబ్బా విప్పి లోపలిది తీసి బిగించేవాళ్ళు జాగ్రత్త. కొన్ని డబ్బాల్లోని చిన్న సర్క్యూట్ డిస్క్‌ని 4096 బైట్ల గడులుగా చూపిస్తుంది, నేరుగా సాటా కేబుల్‌కి పెట్టగానే అవి 512 అయిపోతాయి, విండోస్ "ఫార్మాట్ చెయ్యమంటావా" అని అడుగుతుంది. అవును అని నొక్కారో పోయినట్టే. తిరిగి అదే డబ్బాలో పెట్టి డేటా తీసుకోండి.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కొత్త ఎస్ఎస్‌డీ తప్ప మిగతా అన్ని డిస్కుల కేబుళ్ళూ పీకెయ్యండి. బద్ధకించకండి. విండోస్ తన బూట్ ఫైళ్ళని పక్క డిస్కులో పెట్టేసే అలవాటున్నది, పైగా డిస్కుల్ని తుడిచే డిస్క్‌పార్ట్ అనే విండోస్ పనిముట్టులో క్లీన్ అని కొట్టే ముందు డిస్క్ నంబరు 0 బదులు 1 పడితే నిరుడు సీజన్ మొత్తం ఊడ్చుకుపోతుంది. బయోస్‌లో డిస్క్ నడిచే పద్ధతి ఐడీఈ, ఏహెచ్‌సీఐల్లో ఏది కావాలో ఎక్కించే ముందే ఎంచుకోండి, తర్వాత మారిస్తే 7బీ అంటూ నీలం తెర వస్తుంది.

కరెంటు సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. 4 టీబీ డిస్క్‌కి ఫుల్ ఫార్మాట్ పెడితే ఏడెనిమిది గంటలు, యూఎస్‌బీ 2 మీద 1 టీబీ కాపీకే సుమారు తొమ్మిది గంటలు పడుతుంది. స్టూడియో యూపీఎస్ పది నిమిషాలకే కుయ్ మంటుంది. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం వార్త వింటే ఆ పని వాయిదా వెయ్యండి, 2018లో తిత్లీ వచ్చినప్పుడు పలాస వైపు కరెంటు ఎన్నాళ్ళు లేదో గుర్తుందిగా. బయోస్ అప్‌డేట్ అయితే మబ్బు పట్టిన రోజు ముట్టుకోకండి, మధ్యలో కరెంటు పోతే బోర్డే లేవదు. పాత ఎస్ఎంపీఎస్‌కి (సిస్టమ్‌లోని పవర్ సప్లై డబ్బాకి) సాటా పవర్ పిన్ను లేక కన్వర్టర్ వాడితే, ప్లాస్టిక్ ముద్దలా పోతపోసిన చౌక రకం వద్దు, లోపల తీగలు తగులుకుని కాలిపోయేవి అవే.

ఏ విండోస్ అంటారా? 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగింది, 11 ఈ పాతవాటిని ఒప్పుకోదు. నెట్ వాడే సిస్టమ్ అయితే లైనక్స్ మేలు, కానీ 32-బిట్ ప్రాసెసర్ ఉంటే లైనక్స్‌లో ఒక రకమైన డెబియన్ 13కి ఇన్‌స్టాలర్ లేదు, 12 తీసుకోవాలి.

అంతా అయ్యాక ఖాళీ డిస్క్‌ని 2.2 టీబీ దాటేదాకా ఏవో పెద్ద వీడియోలతో నింపండి, ఒకసారి రీస్టార్ట్ చేసి మొదట్లో వేసినవీ చివర్లో వేసినవీ తెరిచి చూడండి. రెండూ ఆడాకే వాటిని చెరిపేసి అసలు పెళ్ళి ఫైళ్ళు వెయ్యండి, ఇంకో డిస్కులోకి రెండో కాపీ వెళ్ళేదాకా మెమరీ కార్డులు ఖాళీ చెయ్యకండి.