బెంగళూరులో మహిళా పైలట్ల సంఘం పెట్టాలంటే ఎలా?

బెంగళూరులో ఉంటూ విమానాలు నడిపే తెలుగమ్మాయిలు ఉన్నారు, కానీ వాళ్లందరూ ఒక చోట కూర్చోవడమే కష్టం. ఒకరు అర్ధరాత్రి ల్యాండ్ అయ్యి ఇంటికి చేరేసరికి ఇంకొకరు తెల్లవారుజాము ఫ్లైట్ కోసం దేవనహళ్లి విమానాశ్రయానికి క్యాబ్ ఎక్కుతుంటారు. అందుకే సంఘం పెట్టాలనుకుంటే లోగో సంగతి తర్వాత చూడొచ్చు, ముందు రోస్టర్ల (ఎవరి డ్యూటీ ఎప్పుడో చెప్పే పట్టికల) గొడవ తేల్చుకోండి.

మొదట మనుషులు. ఎయిర్‌లైన్ కెప్టెన్లే కావాలని కూర్చోకండి. జక్కూరు ఫ్లైయింగ్ స్కూల్లో నేర్చుకుంటున్నవాళ్లు, ఇన్‌స్ట్రక్టర్లు, రిటైరైనవాళ్లు, లైసెన్స్ చేతికొచ్చి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నవాళ్లు (నిజానికి పనికి టైమ్ ఉండేది వీళ్లకే), అందరినీ పిలవండి. తక్కువమంది వచ్చారని దిగులొద్దు. అమెరికా పైలట్ అమీలియా ఇయర్‌హార్ట్ మొదటి అధ్యక్షురాలిగా చేసిన 'నైంటీ నైన్స్' అనే మహిళా పైలట్ల సంఘం కోసం 1929 నవంబర్ 2న న్యూయార్క్ దగ్గర జరిగిన తొలి సమావేశానికి వచ్చింది 26 మందే, తర్వాత చేరినవాళ్లతో కలిపి 99 అయ్యాక ఆ పేరు స్థిరపడింది.

మీటింగ్ నెలకొకటే, కానీ అదే మీటింగ్ రెండుసార్లు పెట్టండి, ఒకటి పొద్దున, ఒకటి సాయంత్రం. ప్రతి పనికీ ఇద్దరు బాధ్యులుండాలి, ఎందుకంటే ఒకరి డ్యూటీ ఆఖరి నిమిషంలో మారడం మామూలే. రెస్ట్‌లో ఉన్నవాళ్లకు ఎవరూ ఫోన్ చెయ్యకూడదని మొదటి రోజే గట్టిగా చెప్పేయండి.

రిజిస్ట్రేషన్‌కు తొందరలేదు, డబ్బులు చేతులు మారే రోజు వచ్చినప్పుడు చేసుకోవచ్చు. 1960 నాటి కర్ణాటక సంఘాల చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుండాలి, ఆశయాలూ నియమావళీ రాసుకుని జిల్లా సంఘాల రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. బ్యాంకు ఖాతా ఇద్దరి సంతకాలతో నడపండి. విదేశాల్లో ఉన్న బంధువులు విరాళం ఇస్తామంటే ముందు ఆడిటర్‌ను అడగండి, దానికి వేరే చట్టం ఉంది. యూనిఫాంలో ఫొటోలు పెట్టేముందు కంపెనీ అనుమతి తీసుకోండి.

ఇక అసలు పని. మాల్‌లో బ్యానర్ కట్టి సెల్ఫీలు దిగే కార్యక్రమాలు నాకైతే దండగనిపిస్తాయి. బెంగళూరు నుంచి బళ్లారి రోడ్డు పట్టుకుని బాగేపల్లి వైపు వెళ్లండి, లేదా చింతామణి, ముళబాగిలు. అక్కడ చాలా ఇళ్లల్లో తెలుగే, బడిలో కన్నడం. హెడ్మాస్టరుకు ముందే ఉత్తరం ఇచ్చి, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో కూర్చుని, ఉపన్యాసం కాకుండా ఏదైనా చేయించండి. కెంపేగౌడ విమానాశ్రయం రన్‌వేలకు ఒక చివర 09, రెండో చివర 27 అని ఉంటుంది. ఫోన్‌లో దిక్సూచి తెరిచి తూర్పు 90 డిగ్రీలు, పడమర 270 అని పిల్లల చేతే చూపించి, చివరి సున్నా తీసేయమనండి, ఆ అంకెలు ఎక్కడివో వాళ్లే చెప్తారు. తర్వాత వాళ్ల బడి మైదానానికి ఒక రన్‌వే నంబరు పెట్టమనండి. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తర ధ్రువం మీదుగా బెంగళూరుకు విమానం తెచ్చిన నలుగురు మహిళా పైలట్లలో మన పాపగారి తన్మయి కూడా ఉన్నారని చెప్తే కళ్లు పెద్దవి చేసుకుని వింటారు.

పిల్లలతో అయ్యాక తల్లిదండ్రులతో ఒక గంట తప్పకుండా కూర్చోండి, సంఘం ఈ ఒక్క పని చేసినా చాలంటాను. కమర్షియల్ లైసెన్స్‌కు ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలి, 200 గంటలు ఎగరాలి, ఖర్చు లక్షల్లో, చాలామందికి అర కోటి దాకా. ఏదో ఒక రకం విమానం నడపడానికి కావాల్సిన ప్రత్యేక శిక్షణ, అంటే టైప్ రేటింగ్, చెయ్యాలంటే అది మళ్లీ అదనం, అంతా అయ్యాక కూడా ఉద్యోగం గ్యారంటీ లేదు. ఇవేవీ దాచకండి, పొలం తాకట్టు పెట్టబోయే నాన్నకు నిజం వినే హక్కుంది. ఫీజు కట్టకముందే పైలట్ల మెడికల్ పరీక్షలు చేయించమనండి, ముందు క్లాస్ టూ, తర్వాత అంతకంటే కఠినమైన క్లాస్ వన్. క్లాస్ వన్ పరీక్షలు బెంగళూరులోనే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్‌లో కూడా చేస్తారు. కళ్లజోడు ఉంటే పనికిరారన్నది ఉత్త మాట, రంగులు పోల్చుకోలేకపోతే మాత్రం ఇబ్బందే.

వచ్చేముందు హెడ్మాస్టరుకు ఒక ఫోన్ నంబరు ఇచ్చి, ఏ ఫ్లైయింగ్ స్కూలుకైనా డబ్బు కట్టేముందు ఆ నంబరుకు ఫోన్ చెయ్యమని చెప్పండి. అది ఎవరి సొంత నంబరూ కాకూడదు, సంఘం పేరు మీద సిమ్ తీసుకుని నెలకొకరు ఉంచుకోండి, రోస్టర్ చూసుకుని.