యూరప్‌లో నీళ్లు చూడాలంటే జూన్‌లో పోండి

హనుమకొండలో మా కాలనీలో ఇప్పుడు రెండిళ్లకొక పిల్లో పిల్లవాడో జర్మనీలో, ఐర్లండ్‌లో ఉంటున్నారు. ఎండాకాలం రాగానే అమ్మానాన్నలను రమ్మంటారు. పోయేవాళ్లలో ఎక్కువమంది వారంలో ఆరు దేశాలు తిప్పే ప్యాకేజీ కొంటారు. ఆల్ప్స్ కొండలను బస్సు కిటికీలోంచి చూసి, కునుకు తీసి, ఇంకో ఊళ్లో లేస్తారు. నేను ఇరిగేషన్ శాఖలో కాలువల మీద పనిచేసి రిటైరైన మనిషిని. ఎక్కడికి పోయినా నా కళ్లు ముందు నీళ్లనే వెతుకుతాయి కాబట్టి నా సలహా కూడా నీళ్ల చుట్టే తిరుగుతుంది.

ముందు కాలం సంగతి. మన బొగత జలపాతం వాన మీద బతుకుతుంది. ఏప్రిల్‌లో పోతే రాళ్లు, ఆగస్టులో పోతే హోరు. ఆల్ప్స్‌లో లెక్క వేరు. కొండల మీద చలికాలమంతా పేరుకున్న మంచు మే నెల నుంచి జోరుగా కరుగుతుంది. జూన్‌లో వాగులన్నీ నిండుగా పారతాయి. మన పిల్లల వేసవి సెలవులు కూడా జూన్ రెండో వారం దాకా ఉంటాయి. పైగా ఆ నెలలో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురుంటుంది, తొందరపడే పని లేదు.

వీసా గురించి ఒక్క మాట. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే షెంజెన్ వీసా (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా) పెట్టాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే పెట్టుకోవచ్చు. 30,000 యూరోలకు తగ్గని ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. జర్మనీ ఇచ్చిన వీసాతో స్విట్జర్లాండ్ కూడా తిరగొచ్చు. ఐర్లండ్ వీసాతో మాత్రం కుదరదు, దానికి దీనికి సంబంధం లేదు.

స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్ నుంచి రైల్లో గంటలోపే రైన్ జలపాతం వస్తుంది. ఎత్తు 23 మీటర్లే, దాన్ని చూసి పెదవి విరవకండి. వెడల్పు 150 మీటర్లు. ఎండాకాలంలో సెకనుకు సగటున 600 ఘనపు మీటర్లు దూకుతుంది, అంటే మన లెక్కలో 21 వేల క్యూసెక్కులు. శ్రీరాంసాగర్ గేట్లెత్తినప్పుడు లక్షల్లో చూసినవాళ్లకు ఈ అంకె ఆనదు. కానీ అక్కడ కట్ట మీద నిలబడి దూరం నుంచి చూస్తాం, ఇక్కడ లౌఫెన్ కోట వైపు మెట్లు దిగితే నీళ్లు పక్కనే పోతుంటాయి, కాళ్ల కింద నేల అదురుతుంది. ఆ వైపు టికెట్ ఉంది, అవతలి ఒడ్డు ఉచితం.

ఒక్కచోటే మకాం పెట్టాలంటే మాత్రం లౌటర్‌బ్రునెన్ లోయలో పెట్టండి. ఇంటర్‌లాకెన్ నుంచి రైల్లో ఇరవై నిమిషాలు. ఊరి పక్కనే స్టౌబాఖ్ ధార దాదాపు 300 మీటర్ల కొండ అంచు నుంచి పడుతుంది. గాలి వీస్తే నీళ్లు నేలకు చేరకముందే తుంపరై పక్కకు కొట్టుకుపోతాయి. అందరూ దాని ముందు ఫొటో దిగి వెళ్లిపోతారు. నన్నడిగితే అసలు చూడాల్సింది ఇంకొంచెం ముందున్న ట్రుమెల్‌బాఖ్. అది కొండ లోపల దూకే జలపాతం. ఐగర్, మోంఖ్, యుంగ్‌ఫ్రౌ శిఖరాల మీది హిమానీనదాల (మెల్లగా కిందికి జారే మంచుగడ్డల) నీళ్లు ఆ ఒక్క సందులోంచే దిగుతాయి, సెకనుకు 20,000 లీటర్ల దాకా. అంటే ఏడొందల క్యూసెక్కులు, మనిషి చేతులు చాపితే అందేంత ఇరుకు బండల మధ్య! లిఫ్టులో పైకి పోయి మెట్లు దిగుతూ చూడాలి. మెట్లు తడిగా ఉంటాయి. పట్టున్న బూట్లు, రెయిన్ కోటు ఉండాలి, చీర కుచ్చిళ్లు జాగ్రత్త. నాలుగేళ్లలోపు పిల్లలను రానివ్వరు. చలికాలంలో మూసేస్తారు.

బయటికొచ్చాక లోయలో పారే లుట్షినె నదిని గమనించండి. నీళ్లు సిమెంటు కలిపినట్టు తెల్లగా ఉంటాయి. అది మురికి కాదు. హిమానీనదం కదిలినప్పుడు కింది రాయిని పిండి చేస్తుంది, ఆ పిండే ఇది. ఒక సీసాలో పట్టి రాత్రంతా కిటికీలో పెట్టాను, పొద్దుటికి అడుగున సన్నటి బూడిదరంగు పొర. అదే పొడి కిందున్న బ్రియెంజ్ సరస్సులో తేలుతూ ఎండ పడితే నీలి ఆకుపచ్చగా మెరుస్తుంది. పడవలో తప్పక తిరగండి.

3,454 మీటర్ల ఎత్తున్న యుంగ్‌ఫ్రౌయోఖ్‌కు రైలు పోతుంది, ఆల్ప్స్‌లో అతి పొడవైన అలెట్ష్ హిమానీనదం అక్కడి నుంచి కనిపిస్తుంది. టికెట్ మాత్రం మస్తు ఖరీదు. స్విస్ ట్రావెల్ పాస్ (దేశమంతా రైళ్లు, బస్సులు, పడవల్లో తిరిగే టూరిస్టు టికెట్) ఉన్నా పైదాకా రాయితీయే, ఉచితం కాదు. అందుకని పొద్దున్నే శిఖరం మీది లైవ్ కెమెరా చూసి, మబ్బు లేకపోతేనే కొనండి. పైన గాలి పలచన, మెల్లగా నడవండి. గుండె జబ్బున్నవాళ్లు ఇంటి నుంచి బయలుదేరకముందే డాక్టరును అడిగి పోవాలి.

ఇంకా రోజులు మిగిలితే క్రొయేషియాలో ప్లిట్విట్సె. 16 సరస్సులు ఒకదాని కింద ఒకటి, వాటి మధ్య ఆనకట్టలు ఎవరూ కట్టినవి కావు. నీళ్లలోని సున్నం నాచు మీద పేరుకుని రాయైంది, ఇంకా పెరుగుతూనే ఉంది. నా ఉద్యోగమంతా కట్టల లీకేజీలతోనే గడిచింది కాబట్టి నాకు కుళ్లు పుట్టింది. చెక్కబాటల మీద నడవాలి, ఈత నిషేధం. 2023 నుంచి అదీ షెంజెన్‌లోనే ఉంది. నార్వే ఫియోర్డులను (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలను) మాత్రం ఈ ప్రయాణంలో కలపకండి, దానికి వేరే సెలవు పెట్టాలి.

స్విట్జర్లాండ్‌లో ఆదివారం పెద్ద స్టేషన్లలో తప్ప దుకాణాలు దాదాపుగా తెరవరు. బియ్యం, పెరుగు శనివారమే కొనిపెట్టుకోండి, కారప్పొడి ఎట్లాగూ మీ సంచిలో ఉంటుంది.