గర్భంతో ఉన్నప్పుడు థైరాయిడ్ మాత్ర వేళలు సరిచేసుకున్న తీరు

పెళ్లికి ముందు నుంచే హైపోథైరాయిడిజం (థైరాయిడ్ గ్రంథి చాలినంత హార్మోను తయారుచేయకపోవడం) ఉన్న నాకు, గర్భం నిలిచిందని తెలియగానే చెన్నైలో మా డాక్టరమ్మగారు ఆ హార్మోను మాత్ర థైరాక్సిన్ మోతాదు పెంచారు. తొలి నెలల్లో బిడ్డకు కావలసిన ఆ హార్మోను తల్లి నుంచే అందాలి కనుక అవసరం పెరుగుతుందన్నారు. అయినా మూడో నెల దాటాక చేయించిన పరీక్షలో, ఒంట్లో థైరాయిడ్ హార్మోను చాలకపోతే పెరిగే టీఎస్‌హెచ్ 2.5 లోపునకు దిగలేదు.

మోతాదు మళ్లీ పెంచే ముందు ఆవిడ నా మందుల చీటీ తీసి చూశారు. వేరొక చోట రాసిచ్చిన ఆ చీటీలో థైరాక్సిన్‌కూ, కొత్తగా చేర్చిన ఐరన్‌కూ ‘ఉదయం’ అనే ఉంది. ఐరన్, కాల్షియం రెండూ థైరాక్సిన్‌ను ఒంటబట్టనివ్వవు కనుక కనీసం 4 గంటల ఎడం ఉండాలి.

అప్పటినుంచి నిద్ర లేవగానే పరగడుపున మంచినీళ్లతో థైరాక్సిన్, మధ్యాహ్నం భోజనమయ్యాక కాల్షియం, రాత్రికి ఐరన్ వేసుకున్నాను. ఫిల్టర్ కాఫీకి గంట ఆగాలి. తెల్లవారుతూనే అత్తయ్యగారు డబరాలో పొగలు కక్కే కాఫీ తెచ్చిస్తే వద్దనడమే అన్నిటికంటే కష్టమైంది.

తరువాతి పరీక్షలో టీఎస్‌హెచ్ అదుపులోకి వచ్చింది, మోతాదు పెంచవలసిన పని పడలేదు. కాన్పు కాగానే పాత మోతాదుకు మార్చి, 6 వారాలకు మళ్లీ పరీక్ష చేయించమన్నారు.